షాక్ అబ్జార్బర్లు మార్చినా ఆగని వెనక మోత

కోనసీమలోని ఒక మండల కేంద్రంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్న ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరంలోని విషయం క్లుప్తంగా ఇది. భర్త కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నారు, ఇంట్లో నడుం నొప్పితో బాధపడే అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కారులో ఆమె రోజూ కాలవ గట్టు రోడ్డు మీదుగా బడికి వెళ్లి వస్తుంటారు. బండి ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. కిందటి వానాకాలం తర్వాత వెనకవైపు నుంచి చప్పుడు మొదలైంది. ఇంటిల్లిపాదీ ఎక్కినప్పుడు పెద్ద గుంతలో పడితే దబ్బుమని మోగేది. మెకానిక్ షెడ్డు నడిపే వ్యక్తి ఆమె భర్తకు పెద్దమ్మ కొడుకు, ఆమెకు వరసకు బావగారు. ఆయన షాక్ అబ్జార్బర్లు పోయాయని చెప్పి రెండూ మార్చి తొమ్మిది వేలు తీసుకున్నారు. బిల్లు ఇవ్వలేదు, ఈమె అడగలేదు.

మోత మాత్రం పోలేదు. ఇప్పుడు రోడ్డు కాస్త గరుగ్గా ఉంటే చాలు, ఇరవై ముప్పై కిలోమీటర్ల వేగంలోనే ఎడమవైపు నుంచి టకటకమని వినిపిస్తోంది. అత్తగారు, పిల్లలు వెనక సీట్లో కూర్చున్నప్పుడు అంతగా వినపడదు. మళ్లీ చూపిస్తే బావగారు వెనక యాక్సిల్ మొత్తం మార్చాలని, ముప్పై ఎనిమిది వేలు అవుతుందని అన్నారు. పట్నంలో ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే, షాక్ అబ్జార్బర్లు మళ్లీ మార్చి, బుష్‌లు (బిగింపుల దగ్గర ఉండే రబ్బరు భాగాలు) కూడా వేయాలంటూ ఇరవై నాలుగు వేలకు ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. భర్త ఫోన్లో అమ్మేయమంటున్నారు. అత్తగారేమో సొంతవాణ్ణి కాదని ఇంకో షెడ్డుకు తీసుకువెళితే నలుగురూ ఏమనుకుంటారని బాధపడుతున్నారు. వేసవి సెలవుల్లో భర్త వచ్చాక అందరూ ఇదే బండిలో తిరుమల వెళ్లాలన్న అనుకోలు ఉంది. “నాతో మాట్లాడేటప్పుడు ఇద్దరు మెకానిక్‌లూ నాకేమీ అర్థం కాదన్నట్టే మాట్లాడారు. ఎవరి మాట నమ్మమంటారు?” అని ఆమె అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరం చదివాక నాకు మొదట అనిపించినది, ఈ బండి గురించి ఆ ఇద్దరు మెకానిక్‌ల కన్నా మీరే ఎక్కువ గమనించారని. మోత ఎప్పుడు వస్తోందో, ఎంత వేగంలో వస్తోందో, ఎవరు కూర్చుంటే ఆగుతోందో మీరు రాశారు. ఇద్దరూ మిమ్మల్ని అడగనిది సరిగ్గా ఇదే. కాబట్టి ఎవరిని నమ్మాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, మీరు రాసిన వివరాలు ఏం చెబుతున్నాయో చూద్దాం.

మీరు “మోత పోలేదు” అన్నారు గానీ, నా అభిప్రాయంలో మొదటి మోత పోయింది. ఇప్పుడు వింటున్నది వేరే మోత. మొదటిది బరువు ఉన్నప్పుడు, పెద్ద గుంతలో, మొద్దుగా దబ్బుమనేది. రెండోది ఖాళీ బండిలో, చిన్న చిన్న గతుకుల మీద, పొడిగా టకటకమంటోంది. ఒకటి బరువుతో వచ్చేది, ఇంకొకటి బరువుతో పోయేది. ఈ రెండూ ఒకే లోపం వల్ల రావడం చాలా అరుదు. బావగారు చేసిన పని వృథా అయిందని మీరు అనుకుంటున్నారు, తాను మార్చినా మోత ఆగలేదు గనుక లోపం ఇంకా పెద్దదని ఆయన అనుకుంటున్నారు. రెండు మోతలనూ ఒకటిగా లెక్కగట్టడం వల్లనే మాట తొమ్మిది వేల నుంచి ముప్పై ఎనిమిది వేలకు వెళ్లింది.

వెనక భాగం ఎలా పనిచేస్తుందో కొద్దిగా చెబితే తర్వాతి మాటలు తేలిక అవుతాయి. పాత అంబాసిడర్ వెనక కమాను పట్టీలు ఉండేవి, ఇప్పటికీ బొలెరో వంటి బళ్లకు ఉన్నాయి. మీ బండిలాంటి చిన్న కార్లలో చాలావాటికి మాత్రం రెండు వెనక చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు దూలం ఉంటుంది. దాన్ని పుస్తకాల్లో టార్షన్ బీమ్ అంటారు, షెడ్డుల్లో వెనక యాక్సిల్ అనే అంటారు. ఆ దూలం ముందు చివరలు రెండు పెద్ద రబ్బరు బుష్‌ల ద్వారా బాడీకి బిగించి ఉంటాయి. బండి బరువును మోసేది చుట్ట స్ప్రింగులు. స్ప్రింగు ఒకసారి నొక్కుకున్నాక అదేపనిగా ఊగకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. దానిలోని నూనె సన్నని వాల్వుల గుండా పోతూ ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. స్ప్రింగు మరీ ఎక్కువగా నొక్కుకుపోయినప్పుడు ఇనుముకు ఇనుము తగలకుండా బంప్ స్టాప్ అనే రబ్బరు ముద్ద అడ్డుపడుతుంది. షాక్ అబ్జార్బర్లు నీరసించి, ఈ ముద్ద కూడా చితికిపోతే, బరువుతో గుంతలో పడిన ప్రతిసారీ దబ్బుమనక తప్పదు. మీ మొదటి మోత ఇదే అయి ఉంటుంది. అంటే బావగారి మొదటి నిర్ణయం తప్పు కాదు, రెండు వైపులా ఒకేసారి మార్చడం కూడా సరైన పద్ధతే. పాత బంప్ స్టాప్‌లనే తిరిగి వేశారా, కొత్తవి వేశారా అన్నది మాత్రం అడిగి తెలుసుకోండి.

ఇక రెండో మోత. వెనక సీట్లో మనుషులు కూర్చుంటే ఆగుతోందన్న మీ మాట చాలా విలువైనది, కానీ దానికి రెండు అర్థాలు ఉన్నాయి. మనిషి కూర్చున్నప్పుడు బండి వెనకభాగం కిందికి దిగుతుంది, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల మీద బరువు పడుతుంది, ఎక్కడైనా వదులు ఉంటే అది సర్దుకోవచ్చు. ఇది మొదటి అర్థం. రెండోది, మనిషి వీపు ఆనినప్పుడు సీటు వీపుభాగం వెనక్కి నొక్కుకుని, దాన్ని బాడీకి పట్టి ఉంచే లాకు గట్టిగా కరుచుకుంటుంది. సీటు ఖాళీగా ఉంటే అదే లాకు, అది పట్టుకునే ఇనుప కడ్డీ ప్రతి గతుక్కీ ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. నమ్మడానికి కష్టంగా ఉంటుంది గానీ, ఆ చప్పుడు చక్రం దగ్గర నుంచి వస్తున్నట్టే వినిపిస్తుంది, ఎందుకంటే ఆ కడ్డీ ఉండేది చక్రం గూడుకు కాస్త పైనే. పైగా చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో షాక్ అబ్జార్బర్ పై నట్టు విప్పాలంటే వెనక సీటు మడిచి, డిక్కీలో పక్కనున్న ప్లాస్టిక్ ట్రిమ్ ఊడదీయాలి. కొన్ని బళ్లలో మాత్రం చక్రం గూడు లోపలి నుంచే విప్పవచ్చు. మీ బండిలో సీటు, ట్రిమ్ విప్పి ఉంటే, తిరిగి బిగించేటప్పుడు ఒక క్లిప్పు విరిగినా, లాకు సరిగ్గా కూర్చోకపోయినా కొత్త మోత అప్పుడే పుడుతుంది.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి షెడ్డు అవసరం లేదు, రెండు బియ్యం బస్తాలు చాలు. ముందు డిక్కీ మొత్తం ఖాళీ చేయండి. స్టెప్నీని పట్టి ఉంచే మర బిగువుగా ఉందో లేదో చూడండి, జాకీని, పానాలను, పైన ఉండే పార్సిల్ ట్రేను తీసి ఇంట్లో పెట్టండి. ఎంతో పెద్ద లోపమని భయపడిన మోత ఈ దశలోనే ఆగిపోయిన బళ్లు చాలా ఉన్నాయి. ఆగలేదనుకుందాం. మీరు రోజూ వెళ్లే గట్టు రోడ్డులో తప్పకుండా మోగే ఒక చిన్న ముక్కను ఎంచుకోండి. అద్దాలు ఎక్కించి, ఏసీ, పాటలు ఆపి, ఒకే వేగంతో దాని మీద వెళ్లండి. టైర్లలో గాలి ముందే సరిచూసుకోండి. ఎంత ఉండాలన్నది డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీది స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చాలా చిన్న కార్లకు అది 30 పాయింట్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బంకుల్లో అడగకుండానే 38, 40 కొట్టేస్తుంటారు, అంత గాలి ఉంటే మంచి బండి కూడా గలగలమంటుంది. ఫోన్‌ను రికార్డింగ్‌లో పెట్టి డిక్కీలో ఎడమ మూల ఒకసారి, కుడి మూల ఒకసారి గుడ్డలో చుట్టి ఉంచండి. మనిషిని వెనక కూర్చోబెట్టి వినమంటే లాభం లేదు, మనిషి కూర్చుంటేనే మోత ఆగుతుందని మీరే రాశారు కదా.

ఇప్పుడు రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలను డిక్కీ నేల మీద, సీటు వీపుకు తగలకుండా, కదలకుండా పెట్టి అదే ముక్క మీద వెళ్లండి. మోత ఆగినా, బాగా తగ్గినా, లోపం సస్పెన్షన్‌లోనే, అంటే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, వాటి బిగింపుల దగ్గరే ఉందని దాదాపు ఖాయం, ఎందుకంటే బరువు వెనక చక్రాల మీద పడింది గానీ సీటును ఎవరూ నొక్కలేదు. మోత అలాగే ఉంటే బస్తాలు దించేసి, సీటు వీపును ముందుకు మడిచేసి, బెల్టుల బకిల్స్ కదలకుండా గుడ్డ చుట్టి మళ్లీ వెళ్లండి. అప్పుడు ఆగితే దొరికినట్టే. లాకు పట్టుకునే కడ్డీకి రెండు చుట్లు ఇన్సులేషన్ టేపు చుట్టినా, ఆ కడ్డీ స్థానాన్ని మర వదులు చేసి కొద్దిగా సర్దినా ఆ బాధ తీరిపోతుంది. ఒకేసారి రెండు మార్పులు చేయకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

బస్తాల పరీక్షలో మోత ఆగిందనుకుందాం. అప్పుడు నేను మొదట అనుమానించేది కొత్త షాక్ అబ్జార్బర్‌ను కాదు, దాన్ని బిగించిన తీరును. డిక్కీ పక్క ట్రిమ్ తీయగలిగితే, బండి నేల మీద ఉండగానే ఒకరు వెనక మూలను రెండు చేతులతో కిందికి అదుముతూ వదులుతూ ఉండగా, మీరు పై నట్టు మీద, దాని కిందనున్న వాషర్ మీద రెండు వేళ్లు ఆనించి ఉంచండి. అంతా బిగువుగా ఉంటే వేళ్లకు మెత్తని కదలిక తప్ప మరేమీ తెలియదు. నట్టు వదులైనా, రబ్బరు బుష్ పాతదే వేసినా, వాషర్ తిరగేసి పెట్టినా, ప్రతి అదుముకూ ఒక చిన్న టిక్కుమనే దెబ్బ వేళ్లకు తెలుస్తుంది. చెవి పొరబడవచ్చు, ఎడమ చప్పుడు కుడివైపు నుంచి వస్తున్నట్టు భ్రమ కలిగించవచ్చు గానీ, ఈ విషయంలో వేళ్లు పొరబడవు.

షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విషయంలో షెడ్డుల్లో మామూలుగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. బండిని జాకీ మీద ఎత్తి, చక్రాలు కిందికి వేలాడుతుండగానే కింది బోల్టును పూర్తిగా బిగించేస్తారు. ఆ బోల్టు గుచ్చుకున్న రబ్బరు బుష్ ఆ వేలాడే స్థితిలోనే బిగుసుకుపోతుంది. తర్వాత బండిని కిందికి దించగానే అది మెలితిరిగిపోయి, ఎప్పుడూ ఆ మెలికలోనే పనిచేస్తూ, త్వరగా చిరిగి వదులవుతుంది. ముందు కొద్దిగా బిగించి, బండి తన బరువుతో చక్రాల మీద నిలిచాక, కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు, బిగువును కొలిచే టార్క్ రెంచ్ అనే పానాతో బిగించాలి. అలాగే అంగడిలో అడ్డంగా పడుకోబెట్టి ఉంచిన షాక్ అబ్జార్బర్‌లో నూనె ఉండవలసిన చోటికి గాలి చేరుతుంది. దాన్ని నిలబెట్టి నాలుగైదు సార్లు నెమ్మదిగా పూర్తిగా సాగదీసి, నొక్కిన తర్వాతే బండికి బిగించాలి. అలా చేయకపోతే కొత్తదైనా కొంతకాలం లోపల కొట్టుకుంటుంది. ఈ రెండూ అరగంట పనులు, కొత్త విడిభాగం ఖర్చు ఉండదు.

మిగతా అనుమానాలను త్వరగా దాటవచ్చు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళుతూ, ఆ గతుకుల మీద బ్రేకును కొద్దిగా అదిమి ఉంచినప్పుడు మోత ఆగితే, వెనక డ్రమ్ముల్లో బ్రేక్ షూలను పట్టి ఉంచే స్ప్రింగులు చూడాలి. సన్నగా రేకు వణికినట్టు ఉండి, బండి ఆగి ఉన్నప్పుడు రేస్ చేసినా వినపడితే అది సైలెన్సర్ మీది వేడి అడ్డురేకో, దాన్ని వేలాడదీసే రబ్బరో అయి ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక చేత్తో కదిపి చూస్తే తెలిసిపోతుంది. వేగం పెరిగేకొద్దీ హోరు పెరిగితే వీల్ బేరింగ్, కానీ మీరు చెప్పిన లక్షణం అది కాదు. సముద్రపు గాలి తగిలే ప్రాంతంలో ఉన్నారు గనుక స్ప్రింగు కింది చుట్టు తుప్పు పట్టి విరిగిందేమో టార్చిలైటుతో ఒకసారి చూడాలి. బండి ఒకవైపు ఒరిగి నిలబడుతుంటే ఇది మరీ ముఖ్యం. వాటర్ సర్వీసింగ్ చేయించినప్పుడల్లా తుప్పు పట్టకుండా కింద ఆయిల్ కొట్టిస్తున్నానని రాశారు. అది మానేయండి. పాత ఇంజిన్ ఆయిల్, డీజిల్ ఇనుముకు ఏం మేలు చేస్తాయో గానీ, రబ్బరు బుష్‌లను ఉబ్బించి, మెత్తబరిచి తినేస్తాయి. తుప్పు భయం ఉంటే అండర్‌బాడీ కోటింగ్ వేరుగా దొరుకుతుంది, రబ్బరు భాగాలు కప్పి వేయించుకోవచ్చు.

ఇప్పుడు ముప్పై ఎనిమిది వేల మాట. యాక్సిల్ మొత్తం మార్చవలసింది అది వంగినప్పుడు, పగిలినప్పుడు. గట్టి ప్రమాదమో, చక్రం పక్కకు గట్టిగా కొట్టుకోవడమో జరగకపోతే అది వంగదు. వంగితే టకటకమనదు కూడా, వెనక టైర్లు ఒక అంచున అరిగిపోతాయి, బండి తిన్నగా వెళుతున్నా వెనక భాగం కొంచెం పక్కకు ఉన్నట్టు వెనకాల వచ్చేవాళ్లకు కనిపిస్తుంది. దీన్ని తేల్చడానికి తటస్థుడైన సాక్షి ఒకడున్నాడు, కంప్యూటర్ వీల్ అలైన్‌మెంట్ చేసే దుకాణం. కొన్ని వందల రూపాయలకు నాలుగు చక్రాల కొలతలూ అచ్చు వేసి ఇస్తారు. మీ రకం బళ్లలో వెనక చక్రాల కోణాలను మామూలుగా సరిచేయడం కుదరదు గనుక చాలామంది ముందు చక్రాలవి మాత్రమే చూసి పంపించేస్తారు. వెనకవి కూడా కొలిచి కాగితం ఇమ్మని అడగండి. అవి కంపెనీ చెప్పిన హద్దుల్లోనే ఉంటే యాక్సిల్ వంగలేదు. యాక్సిల్ ముందు చివరల బుష్‌లు చిరిగి ఉండవచ్చు, అది వేరే సంగతి. వాటి లక్షణం, రివర్సులో వెళుతూ బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి టక్కుమనడం, మలుపుల్లో వెనకభాగం కాస్త ఆలస్యంగా తిరిగినట్టు అనిపించడం. చాలా బళ్లకు ఈ బుష్‌లు విడిగా దొరుకుతాయి, పాతవి నెట్టి కొత్తవి కూర్చోబెట్టడానికి ప్రెస్ అనే నొక్కుడు యంత్రం కావాలి. ప్రెస్ లేని చోట యాక్సిల్ మొత్తం మార్చడం మెకానిక్‌కు తేలిక. బావగారి సలహా వెనక దురాలోచన ఉందని నేను అనుకోవడం లేదు, ఆ పనిముట్టు ఆయన షెడ్డులో లేకపోవడమే కారణం కావచ్చు.

మనుషుల విషయానికి వస్తే మీకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది, పైన చెప్పిన పరీక్షలు చేసి, ఫలితం తీసుకుని బావగారి దగ్గరికే వెళ్లడం. “మోత పోలేదు” అని చెబితే ఆయన పనిని తప్పుపట్టినట్టు అవుతుంది, ఆయన ఇంకా పెద్ద భాగం పేరు చెబుతారు. “ఆ దబ్బుమనే మోత పూర్తిగా పోయింది బావగారూ, ఇప్పుడిది కొత్తది, డిక్కీలో బస్తాలు వేస్తే ఆగుతోంది, ఎడమవైపు పై నట్టు దగ్గర వేళ్లకు తగులుతోంది, ఒకసారి నాతో వచ్చి వినండి” అంటే ఆయన పరువు దక్కుతుంది, పనికి ఒక చోటు దొరుకుతుంది. మీరే స్టీరింగు దగ్గర కూర్చుని, ఆయన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఆ గట్టు రోడ్డు మీదికి తీసుకువెళ్లండి. ఆయనతో పనయ్యాక షాక్ అబ్జార్బర్ల డబ్బా గానీ, కొన్న రసీదు గానీ ఇప్పించమని, కంపెనీ వారంటీ కోసం దాచుకోవాలని చెప్పి అడగండి. ఇది అపనమ్మకంగా వినిపించదు. ఇక ముందు ఏ షెడ్డులోనైనా మార్చిన పాత భాగాలు మీ డిక్కీలో పెట్టించుకోండి. ఈ దారిలో ఉన్న చిక్కు ఒకటే, ఆయన వినడానికి ఒప్పుకోకపోతే మీరు మళ్లీ మొదటికే వస్తారు.

రెండోది, వేరే చోట తనిఖీ మాత్రం చేయించి, పని బావగారి దగ్గరే చేయించుకోవడం. అలైన్‌మెంట్ దుకాణానికి వెళ్లడం షెడ్డు మార్చడం కిందికి రాదు గనుక అత్తగారి బెంగ కూడా తీరుతుంది. నాకు ఎక్కువ నచ్చిన దారి ఇదే, మొదటి దారితో కలిపి నడవవచ్చు కూడా.

మూడోది సర్వీస్ సెంటర్. అక్కడ బిల్లు, భాగాలకు వారంటీ ఉంటాయి, ప్రెస్, టార్క్ రెంచ్ ఉంటాయి. కానీ వాళ్లు ఇచ్చిన ఎస్టిమేట్‌లో కొత్తగా వేసిన షాక్ అబ్జార్బర్లు మళ్లీ మార్చడం ఎందుకో రాయలేదు. నూనె కారుతోందా, ఏ పరీక్షలో విఫలమయ్యాయో రాసి ఇమ్మనండి, భాగాల ధర, కూలి విడివిడిగా వేయమనండి. టెక్నీషియన్‌తో కలిసి రోడ్డు మీదికి వెళ్లి మోత వినిపించిన తర్వాతే పని ఒప్పుకోండి. అలా చేస్తే ఇరవై నాలుగు వేల కాగితం చాలా చిన్నదై తిరిగి రావచ్చు. బిల్లు ఉన్న చోట పని చెడితే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసే హక్కు మీకు ఉంటుంది, అవసరమైతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. బిల్లు లేని బావగారి పని మీద ఆ మాట తలపెట్టడం కూడా అనవసరం.

నాలుగోది మీ భర్తగారి మాట, అమ్మేయడం. మోగే బండిని కొనేవాడు ఒక చుట్టు తిప్పి చూడగానే చెవులు రిక్కిస్తాడు, బాగుచేయడానికి నిజంగా అయ్యేదానికి రెండింతలు తగ్గించి అడుగుతాడు. అమ్మదలచుకున్నా ముందు మోత ఎక్కడిదో తేల్చుకుని అమ్మడమే లాభం. ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ బండిని కేవలం ఈ చప్పుడు కోసం వదులుకోనవసరం లేదు. ఆయనకు ఫోన్లో వివరించడం కష్టమైతే డిక్కీలో చేసిన రికార్డింగులు రెండూ, బస్తాలు ఉన్నప్పటిది, లేనప్పటిది, పంపించండి.

మీరో, మీకు తెలిసినవారో బండి కింద చూడాలనుకుంటే ఒక్క జాగ్రత్త. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలను. వెనకభాగాన్ని ఎత్తినప్పుడు ఆ చక్రాలే గాలిలో ఉంటాయి గనుక హ్యాండ్ బ్రేకు వల్ల ప్రయోజనం ఉండదు. బండిని గేరులో పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా కట్టెలు గానీ రాళ్లు గానీ అడ్డం పెట్టాలి. జాకీ మీద నిలిపిన బండి కిందికి తల కూడా పెట్టకూడదు, ఎత్తిన బండిని కింద నుంచి మోసే జాక్ స్టాండ్లు ఉండి తీరాలి. అవి లేకపోతే షెడ్డు ర్యాంపు మీదే చూడండి.

తిరుమల ప్రయాణం గురించి అడిగారు. సీటు లాకు మోత అయితే, లాకు పూర్తిగా పడుతున్నంత వరకు అది చెవులకు బాధ తప్ప ప్రమాదం కాదు, అలాగే వెళ్లి రావచ్చు. షాక్ అబ్జార్బర్ నట్టు వదులు అయితే వెళ్లకూడదు, అయిదుగురు ఎక్కి, సామాను వేసుకుని, సుమారు అయిదు వందల కిలోమీటర్లు నడిచి ఘాట్ మలుపులు ఎక్కే బండికి అది బిగించి ఉండాల్సిందే. చక్రాల నట్లు, టైర్ల అరుగుదల, బ్రేక్ షూలు, స్టెప్నీలో గాలి ప్రయాణానికి వారం ముందే చూపించండి, ఏదైనా భాగం తెప్పించాల్సి వస్తే వ్యవధి ఉంటుంది. పూర్తి బరువుతో వెళ్లేటప్పుడు వెనక టైర్లకు ఎంత గాలి పెట్టాలో చాలా బళ్లలో అదే స్టిక్కర్ మీద వేరుగా రాసి ఉంటుంది. అత్తగారి నడుం నొప్పికి కొత్త షాక్ అబ్జార్బర్ల వల్ల కొంత ఉపశమనం కలిగే ఉండాలి. వెనక సీటు కన్నా ముందు సీట్లో గతుకులు తక్కువ తెలుస్తాయి, ఆమెను ముందు కూర్చోబెట్టండి.

అలైన్‌మెంట్ కాగితంలో వెనక కొలతలు హద్దు దాటి ఉన్నాయని తేలితే మాత్రం నేను పైన రాసినదాన్ని పట్టుకుని బావగారితో వాదించకండి. సెకండ్ హ్యాండ్ బండి గనుక మీకు తెలియని పాత దెబ్బ ఏదైనా దానికి తగిలి ఉండవచ్చు. అప్పుడు యాక్సిల్ మార్చమన్న ఆయన మాటే సరైనది, దాన్ని ప్రయాణానికి ముందే మార్పించాలి. టకటక మాత్రం అప్పుడు కూడా వేరుగా వెతకవలసిందే. ఆ కాగితం వచ్చాక, బస్తాల పరీక్షలో ఏం తేలిందో కూడా రాసి పంపితే, మిగిలిన ఖర్చులో ఏది అవసరమో, ఏది ఆగగలదో కలిసి చూద్దాం.